ఫాస్ఫరస్ మర్దనము

వినుడు, రసికులారా! నిత్యవర్షధారాధౌతసౌధశ్రేణీవిరాజితమగు సింగపూరు ద్వీపమున, సెంగ్‌కాంగు పేటలో, పదునాలుగవ అంతస్తున, ఆదివార మధ్యాహ్నమున, సొరకాయ కూర వాసన లిఫ్టుదాక వ్యాపించుచుండగా జరిగిన మహాసంగ్రామమును విన్నవించెదను.

రక్తపోటును రెండు మాత్రలతో నణచినవాడును, మధుమేహమును సూదిమొనతో నిలువరించినవాడును, కుర్చీనుండి లేవకయే టీవీని శాసించువాడునగు విశ్వేశ్వరరావు మహాశయునకు ఒక్కడే శత్రువు మిగిలెను. వాడు ఫాస్ఫరస్సు. అలసిన మూత్రపిండములు బయటికి తరుమలేక విడిచిపెట్టగా, వాడు రక్తమున కాపురము పెట్టి, ఒడలెల్ల దురద పుట్టించి, ఎముకలపై కన్నువేసెను. వాని నణచు మాత్రను అన్నము నడుమనే నమలవలెనని వైద్యురాలు మూడుసార్లు చెప్పెను. వచ్చువారపు రక్తపరీక్షలోనూ తగ్గనిచో, ఫాస్ఫరస్సు దండిగా నుండు పెరుగు బంద్ అని శాసించెను. ఉప్పు కారణమున ఆవకాయ ఏనాడో నేలకూలినది. పెరుగే చివరి కోట. పాపము, ఆయన నిజముగానే భయపడెను.

అయినను మాత్ర సంగతి ప్రతిదినము చేయి కడిగిన పిమ్మటనే గుర్తువచ్చును. ఆనాడు దైవవశమున రెండవ ముద్దకే గుర్తువచ్చెను. కాని మందుల అట్ట టీవీ పక్కన నుండెను!

"తాతయ్యా, వెళ్లి తెచ్చుకో లా!" అని మనుమరాలు కీర్తిక సింగపూరు యాసతో, ఫోనునుండి తల యెత్తకయే పలికెను.

అంతట నా వీరుడు ఎంగిలిచేయి గాలిలో నెత్తి గర్జించెను: "ఓసి బాలికా! కంచము ముందునుండి నడుమ లేచుటయా? ఎంగిలిచేత మందుల అట్ట ముట్టుటయా? ఎడమచేత నోటికందించుటయా? మా వంశమున నట్టివాడు పుట్టలేదు, పుట్టబోడు!"

"అయ్యో, సో డ్రామా!" అని కీర్తిక అట్టను తెచ్చి ముందు పడవేసెను. ఆయన ఎడమ బొటనవ్రేలితో నొక్కెను, రేకు చిరుగలేదు. మోచేత నదిమెను, వంగినదే గాని లొంగలేదు. మూడవ పోటునకు మాత్ర ఎగిరి సోఫా క్రింద దూరి అజ్ఞాతవాసమునకు పోయెను.

"మీ వంశం సంగతి నాకు తెలుసు గానీ, కదలకండి," అనుచు ధర్మపత్ని అరుంధతి రసము గిన్నె దించి, ఇంకొక మాత్రను రేకునుండి తీసి, కంచపుటంచున, ఒకప్పుడు ఆవకాయ కొలువుండిన చోట వడ్డించెను. "నంజుకోండి. రోజూ ఇక్కడే వేస్తా."

ఆ చోటును చూచి ఆయనకు కన్ను చెమర్చెను. రసపుటన్నము ఒక ముద్ద, మాత్ర ఒక కొరుకు. సున్నపుముక్కవలె నున్నను తుదిపొడివరకు నంజుకొనెను. పిదప చిన్నగిన్నెడు పెరుగు వచ్చెను.

ఇట్లు విశ్వేశ్వరరావు మహావీరుడు సకాలమున ఒకే యొక మాత్ర నమిలి, ముల్లోకములు దద్దరిల్లునట్లు త్రేన్చి, విజయుడై వెలసెను. రాత్రి భోజనమునకు ఇంకొకటి కలదు.