నలభై శభాష్‌లు, ఒక నత్తగుల్ల

పిల్లల్ని మెచ్చుకోవడానికి అతిపెద్ద ఆటంకం వాళ్ళు రాసింది చదవడమే! ఈ సత్యాన్ని మా కాలపు పంతుళ్ళు గ్రహించలేకపోయారు. అందువల్లనే వాళ్ళకు కళ్ళజోళ్ళు, మాకు మొట్టికాయలు మిగిలాయి.

తొందరపడి నన్ను ఆక్షేపించకండి. విశ్వవిద్యాలయంలో తర్కం చదువుకున్నదాన్ని. కారణం చూడకుండా కార్యాన్ని ఒప్పుకునే అలవాటు ఈ డెబ్బై ఎనిమిదేళ్ళలో అబ్బలేదు. కనుక వరసగా మనవి చేస్తాను.

మా మనవరాలు టీచరు కాబోతోంది. కావడానికి ముందు ఒక గండం దాటాలి. దాని పేరు క్లాస్ బ్లాగ్. ఒక బడిలో నాలుగో తరగతి పిల్లలు నలభైమంది వారానికొక పోస్టు రాస్తారు. ట్రైనింగ్‌లో ఉన్న పదకొండుమందీ ప్రతి పోస్టు కిందా కామెంటు పెట్టి ప్రోత్సహించాలి. శుక్రవారం సాయంత్రంలోగా తలకు నలభై. ప్రతి కామెంటులోనూ ఒక మెప్పు, ఒక ప్రశ్న, కనీసం రెండు ఆశ్చర్యార్థకాలు. ఐదు మాటలకు తగ్గరాదు. ‘కానీ’ అన్నారో, మార్కులు కోత!

ఎంత దూరదృష్టి! మా లెక్కల మాస్టారు ఏడాది పొడుగునా నా నోటుపుస్తకంలో రాసింది ఒకే ఒక్క వాక్యం. పదిహేడో లెక్క, మూడో మెట్టు పక్కన, ఎర్ర సిరాతో: "ఇక్కడ తొందరపడ్డావు." మెప్పు ఏది? ప్రశ్న ఏది? ఆశ్చర్యార్థకం ఒక్కటైనా ఏది? అటువంటి క్రూరుడి చేతిలో చదువుకుని కూడా నేను బతికి బట్టకట్టాను.

మా మనవరాలు తెలివైనది. పన్నెండు కామెంట్లు తయారుచేసి ‘ప్రోత్సాహం ఫైనల్ టూ’ అనే ఫైలులో దాచుకుంది. ఇక కాపీ, పేస్ట్! ఒక పిల్లవాడు పళ్ళడాక్టరు తన పన్ను పీకిన వైనం రాస్తే, దానికింద ఏడో నంబరు పడింది: "ఎంత మధురమైన అనుభవం!! మళ్ళీ ఎప్పుడు?" ఇంకొకడు ఏడో ఎక్కం మూడుసార్లు రాసి ఊరుకుంటే, వాడి ఊహాశక్తికి జోహార్లు అందాయి. ఒక పిల్ల పొరపాటున ఖాళీ పోస్టు పెట్టింది. ఆ భావాల లోతుకు పదకొండుమంది కాబోయే టీచర్లు చలించిపోయారు!

ఈ సంస్కారం ఇంటికి కూడా పాకింది. ఆ రోజుల్లోనే ఒకనాడు మా అల్లుడు పేపరు చదువుతూ పాలన్నీ పొయ్యిపాలు చేశాడు. పూర్వమైతే రభస జరిగేది. మనవరాలు వంటింట్లోకి తొంగిచూసి, "పాలు పొంగించడంలో మీ చొరవ నచ్చింది నాన్నా! తర్వాత ఏం చెయ్యాలనుకుంటున్నారు?" అంది.

"స్టవ్ తుడుద్దామనుకుంటున్నానే తల్లీ," అన్నాడాయన బిక్కమొహం వేసుకుని.

చూశారా, ప్రోత్సాహ ఫలితం!

ఈ కారణకార్య పరంపర ఇంతటితో ఆగదు. మనవరాలి కామెంట్లను సూపర్‌వైజర్ మేడమ్ లెక్కపెట్టి "అద్భుతమైన ప్రోత్సాహం!" అని రాస్తారు. మేడమ్ రిపోర్టు కింద ప్రిన్సిపాల్ "శభాష్!" అంటారు. పైనుంచి కింది దాకా అందరూ సంతుష్టులే. ఎవరూ ఏమీ చదవలేదు గనక ఎక్కడా అభిప్రాయభేదం లేదు. పండితులు వేల ఏళ్ళుగా సాధించలేని ఏకాభిప్రాయం ఇది!

ఇంత చక్కని ఏర్పాటును చెడగొట్టినది, చెప్పడానికి సిగ్గుపడుతున్నాను, నేనే.

కిందటి నెల ఒక శుక్రవారం మనవరాలు పాఠానికి చార్టులు అతికిస్తోంది. "అమ్మమ్మా, నా బంగారం కదూ, ఆ నలభై పేస్ట్ చేసిపెట్టవూ? నా చేతులనిండా జిగురు."

"ముందు చదవాలిగా?"

"ఎందుకూ? ఒకటి నుంచి పన్నెండు దాకా వరసన వేసుకుంటూ పో. అయిపోతే మళ్ళీ ఒకటి."

"ఏది ఎవరికి సరిపోతుందో చూడద్దూ?"

"అందరికీ సరిపోతుంది అమ్మమ్మా. ఫ్రీ సైజ్!"

మా తరానికి అదొక దురలవాటు. అక్షరం కనపడితే చదువుతాం. ఇరవై ఐదు పోస్టులు చదివి, ఇరవై ఐదు కామెంట్లు అతికించాను. ఇరవై ఆరోది ‘పెన్సిల్ పొట్టు’ అనే బ్లాగు. రాసేది తొమ్మిదేళ్ళ పిల్ల. రెండు వారాల కింద తన బెంచీలో కూర్చునే స్నేహితురాలు బడి మారిపోయిందనీ, పక్క చోటు ఖాళీ అనీ రాసింది. దానికి మా ఫైలులోంచి పడిన కామెంటు: "నా బాల్యం గుర్తొచ్చింది!! ఇంకా వివరంగా రాస్తావా?" పాపం, కిందటి వారం వివరంగానే రాసింది. ఆ చోట ఇప్పుడు అందరూ సంచులు పెడుతున్నారట. వాటితో తను మాట్లాడుతోందట. కామెంటు: "వావ్! నీ స్నేహబృందం ఎంత పెద్దదో! అందులో ఎవరెవరున్నారు?"

ఆ వారం పోస్టు మూడే వాక్యాలు: "ఇది ఎవరైనా చదువుతున్నారా? చదివితే కింద ‘నత్తగుల్ల’ అని రాయండి. ఎవ్వరూ రాయకపోతే వచ్చే వారం నుంచి నేను రాయను."

కింద పది కామెంట్లు. పది మెప్పులు, పది ప్రశ్నలు. నత్తగుల్ల లేదు.

నేను ఫైలు పక్కనపెట్టి ఒక్క మాట టైపు చేశాను. నాలుగు నిమిషాల్లో జవాబు వచ్చింది: "అక్కా!!! మీరు నిజంగా ఉన్నారా?"

సోమవారం మేడమ్ దగ్గర్నుంచి కూడా జవాబు వచ్చింది: "కామెంటు ఇరవై ఆరు. మెప్పు లేదు, ప్రశ్న లేదు, సందర్భశుద్ధి లేదు. సంజాయిషీ ఇవ్వనిచో సర్టిఫికెట్ నిలిపివేయబడును."

మనవరాలు నా మీద విరుచుకుపడింది. "నత్తగుల్ల ఏమిటి అమ్మమ్మా? చిన్నపిల్లని పట్టుకుని నత్తగుల్ల అంటావా? నా సర్టిఫికెట్ గంగలో కలిపేశావు!"

"అనమంది, అన్నాను."

"ఎవరు అనమన్నారు?"

"చదువు."

చదివింది. తర్వాత పైకి జరిపి కిందటి వారంది చదివింది. ఆ పై వారంది కూడా. దాని కిందున్న కామెంటు దగ్గర ఆగిపోయింది.

"ఇది నేను పెట్టిందేనా?"

"నువ్వే. మూడో నంబరు."

కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. ఆ తర్వాత ఆ పిల్లకు ఒక ప్రశ్న రాసింది. ఆశ్చర్యార్థకం లేదు, ఐదు మాటలూ లేవు: "ఏ సంచి ఎక్కువ మాట్లాడుతుంది?" వచ్చిన జవాబు పంతొమ్మిది వాక్యాలు. నీలం సంచి మహా వాగుడుకాయట.

సంజాయిషీ మూడు పేజీలు రాసింది. జరిగింది జరిగినట్టు, ఫైలు సంగతితో సహా. రెండో పేజీ మధ్యలో ఇలా ఉంది: "మేడమ్, ఇక్కడిదాకా చదివితే దయచేసి నన్ను పిలిచి చీవాట్లు పెట్టండి."

రెండు రోజులు ఫోను చేతిలోంచి దించలేదు. ఇరవై రెండేళ్ళ పిల్ల చీవాట్ల కోసం అలా ఎదురుచూడటం నేనెక్కడా చూడలేదు. మూడో రోజు జవాబు వచ్చింది: "చక్కటి ఆత్మపరిశీలన! నీ నిజాయితీ స్ఫూర్తిదాయకం! ఇలాగే కొనసాగించు! సర్టిఫికెట్ మంజూరు!"

సర్టిఫికెట్ దక్కింది. మనవరాలు దాన్ని బల్లమీద పడేసి, నా దగ్గరకొచ్చి లెక్కల మాస్టారి ఎర్రసిరా వాక్యం ఉన్న నోటుపుస్తకం చూపించమంది. అరవై ఎనిమిదేళ్ళుగా దాన్నెందుకు దాచావని చూసినప్పుడల్లా అడిగే పిల్ల, ఆ రోజు మాత్రం అడగలేదు.

కాబట్టి నా సిద్ధాంతం రుజువైంది. చదవకుండా మెచ్చుకోవడం వల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు. రాసినవాళ్ళకు తప్ప.

ఈ వ్యాసం కింద కూడా కామెంట్లకు చోటుంటుందని సంపాదకులు సెలవిచ్చారు. నన్ను పొగడవద్దని మనవి. ఒక్క మాట చాలు. ఏ మాటో మీకు తెలుసు, ఇక్కడిదాకా వచ్చి ఉంటే.