గీజర్ మీద శని

గీజర్‌కీ టెలిస్కోపుకీ తేడా తెలియని మనిషినని మా ఆవిడ మీ ఆడవాళ్ళందరికీ చెప్పిందట. అన్యాయం! ఆ తేడా నాకు బాగా తెలుసు. ఆవిడకి తెలియదనుకున్నాను, అంతే.

అసలు ఈ నిప్పు అంటుకున్నది మా ఆఫీసులో. మా క్యాషియర్ ఉన్నాడే, మేం చాటుగా ‘ఖగోళం’ అని పిలుస్తాం. శనిగ్రహం చుట్టూ ఉండే వలయాన్ని తన డాబా మీంచి టెలిస్కోపులో చూశానని టీ తాగుతూ కోతలు కోశాడు. ఆ మాట విన్నప్పట్నుంచీ నాకు అన్నం సయించలేదు.

ఇంటికొచ్చి భయం భయంగా కదిపాను.

"ఏమేవ్, శనిని చూడాలనుందే."

"అద్దం హాల్లోనే ఉందిగా."

ఇక అడిగి లాభం లేదని తేలిపోయింది. సరిగ్గా అప్పుడే మా బాత్రూంలో గీజర్ చచ్చిపోయింది. నాలో నేరస్థుడు కళ్ళు తెరిచాడు.

"నువ్వేం కంగారుపడకు. కొత్తది నేను తెప్పిస్తాను" అన్నాను, జన్మలో లేనంత బాధ్యతగా.

షాపువాళ్ళ ప్రకటనలో రెండు టెలిస్కోపులున్నాయి. ఒకటి సన్నగా, పొడుగ్గా, మూడు కాళ్ళ మీద హీరోలా నిలబడింది. ఆరు వందల రెట్లు పెద్దదిగా చూపిస్తుందట! రెండోది పొట్టిగా, లావుగా, డ్రమ్ములా ఉంది. దాని పక్కన రెట్ల ఊసే లేదు. మూతి వెడల్పు మాత్రం రాశారు. మూతి కొలతలు ఎవడిక్కావాలి? హీరోకే ఆర్డరిచ్చాను. పేరు, అడ్రసు, ఫోన్ నంబరు అలవాటు కొద్దీ చకచకా కొట్టేశాను. అడుగున ‘బ్రహ్మాండాన్ని మీ డాబా మీదకి దించుతాం’ అని ఉంది. ఒళ్ళు పులకరించింది.

పెట్టె వచ్చింది.

"ఇంత పెద్దదా?" అంది మా ఆవిడ.

"నీకోసం పెద్ద సైజుదే తెప్పించాను."

పెట్టె మీద ఇంత పెద్ద శనిగ్రహం బొమ్మ! ఆ పక్కని గోడవైపు తిప్పేశాను. "బిగించే మనిషి ఇప్పట్లో దొరకడట" అని కూడా అన్నాను. ఈలోగా పెట్టెని ఖగోళం ఇంటికి చేరవేసి, గీజర్ పనిచెయ్యక వెనక్కి పంపేశానని చెప్పడం నా ప్లాను. అందులో లొసుగు లేదు.

ఉంది. మా బావమరిది.

వాడు ప్లంబరు. నిద్రలో కూడా చేతిలో పానా వదలడు కనక అందరూ ‘పానా’ అనే పిలుస్తారు. ఆదివారం సాయంత్రం నేను మధ్యాహ్నపు నిద్ర లేచేసరికి హాల్లో పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు.

"సొంత బావమరిదిని నేనుండగా బయటి మనిషెందుకు బావా?" అంటూ పెట్టె కోసేశాడు.

లోపల చూసి నేనే అదిరిపడ్డాను. నా హీరో లేడు! తెల్లగా, గుండ్రంగా, లావుగా ఓ డ్రమ్ముంది. కొంపదీసి షాపువాడు నిజంగానే గీజర్ పంపాడా? లోపల అడుగున అద్దం తళుక్కుమన్నాక గానీ ప్రాణం కుదుటపడలేదు.

"నీళ్ళొచ్చే పైపేదీ? కరెంటు తీగేదీ?"

"అది... ఎండతో పనిచేసేది."

"మరి ఈ అద్దం?"

"ఎండని పట్టడానికి!"

"ముందే చెప్పవేం? అయితే దీని చోటు డాబా మీద!"

డ్రమ్ముని భుజానికెత్తుకుని మెట్లెక్కేశాడు. వెనకాలే నేను పరిగెత్తాను. పొద్దు గూకింది. వాడు మూతి ఆకాశంవైపు పెట్టి దాన్ని నిలబెట్టాడు.

"అక్కా, బకెట్ తీసుకురా! బిగించేముందు నీళ్ళు పోసి లీకుందేమో చూడాలి."

మా ఆవిడ బకెట్‌తో వచ్చింది. "పోసెయ్యనా?"

"అంచుదాకా పొయ్యి."

బకెట్ పైకి లేచింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"ఆగవే! అది గీజర్ కాదు! టెలిస్కోపు!" అంటూ డ్రమ్ము మూతి మీద అడ్డంగా పడ్డాను.

ఆవిడ బకెట్ వంపేసింది, నా నెత్తి మీద.

ఒక్క చుక్క పడలేదు. ఖాళీ బకెట్!

పానా పిట్టగోడ పట్టుకుని నవ్వుతున్నాడు.

"గీజర్ పెట్టె మీద శని బొమ్మ వేస్తే ఎవడైనా కొంటాడటండీ?" అంది మా ఆవిడ.

"గోడవైపు తిప్పానుగా!"

"ఈ ఇల్లు ఊడ్చేదెవరు? అయినా అది రాకముందే నాకు తెలుసు. ఇంటికి ఏది తెప్పించినా నా ఫోన్ నంబరేగా ఇస్తారు!"

నా చెయ్యి నాకే ద్రోహం చేసింది!

"షాపతను ఫోన్ చేసి, ‘మొదటిసారి కొంటున్నారా అమ్మా? సన్న గొట్టంతో ఆరు వందల రెట్లంటే అంతా మసకే. ఆ కాళ్ళు కూడా ఊగుతాయి. మూతి ఎంత వెడల్పయితే అంత వెలుగు లోపలికొస్తుంది’ అన్నాడు. అందుకే మార్పించాను."

"పెద్ద నోటి విలువ నీకొకరు చెప్పాలా..." నోరు జారాను. ఆవిడ చూపు మళ్ళీ బకెట్ మీదకి పోయింది.

"కోపంగా ఉందా?" అన్నాను మెల్లగా.

"దొంగచాటుగా కొన్నందుకుంది. శనిని చూడాలనుకున్నందుకు లేదు. అడిగితే చాలదూ? నాకూ చూడాలనే ఉంది."

గుండెల మీంచి గుండ్రాయి దించినట్టయింది.

"మరి గీజర్?"

"మధ్యాహ్నం నువ్వు పడుకున్నప్పుడే బిగించేశాను బావా. డ్రిల్లింగ్ మెషిన్ కంటే నీ గురకే గట్టిగా ఉంది" అన్నాడు పానా.

"మీ పుట్టినరోజుకి కొందామనుకున్న వాచీ ఇప్పుడు నీళ్ళు కాస్తోంది" అంది మా ఆవిడ.

నేను టెలిస్కోపు దగ్గరికి జరిగాను. ఆవిడ భుజంతో నెట్టేసింది.

"ముందు నేను. ఆ పసుపు చుక్కే శని అని షాపతను చెప్పాడు. మీరెళ్ళి స్నానం చేసి రండి."

సబ్బు రాసుకుంటుంటే పైనుంచి అక్కాతమ్ముళ్ళ కేకలు.

"ఒరేయ్, వలయంరా! నిజంగా వలయమే!"

కాసేపటికి డాబా మీంచే అరిచింది. "ఏమండీ, ఎలా ఉన్నాయి నీళ్ళు?"

షాపువాళ్ళు దించుతామన్నది డాబా మీదకి. నాకు దిగింది బాత్రూంలో.

"బ్రహ్మాండం!" అని అరిచాను.