కడుపునొప్పీ, భూకంపాల శాఖా

భూమి కంపించబోతోందని ముందుగా పసిగట్టగల జీవులు లోకంలో మూడే: పాములు, కుక్కలు, నేను. ఇది నా గొప్ప కాదు. మా భూకంపాల శాఖ డైరెక్టరుగారు పత్రికలవాళ్లను పిలిచి, టీ, బిస్కెట్లు ఇచ్చి మరీ చేసిన ప్రకటన.

ఆ శాఖలో నేను టైపిస్టుని. నెలనెలా నొప్పితో మెలికలు తిరిగిపోతూ, చివరికి ఒకరోజు సెలవడగడానికి ఆయన గదిలోకి వెళ్లాను.

"కారణం?" అన్నారు.

"నెలసరి నొప్పండీ."

ముగ్గురు అక్కల తమ్ముడాయన. అయినా చెవులు మూసుకున్నారు. "ఇది ఆఫీసమ్మా. ఇలాంటి మాటలు గోడలు కూడా వినకూడదు. జ్వరమని చెప్పు, ఆలోచిస్తాను."

"జ్వరం లేదండీ."

"అయితే సెలవూ లేదు."

ఓర్చుకోలేక ఆయన బల్ల పట్టుకుని కూలబడ్డాను. మరుక్షణమే బల్ల మీది గ్లాసు గజగజలాడింది, బీరువా తలుపు దానంతటదే తెరుచుకుంది. భూకంపం! చిన్నదే. కింది గదిలో భూకంపాలను నమోదు చేసే ఖరీదైన యంత్రం మాత్రం కిక్కురుమనలేదు. దాని ప్లగ్గు పీకేసి ఎవరో టీ కెటిల్ పెట్టుకున్నారు.

పైవాళ్లకు ఏదో ఒక జవాబు చెప్పాలి కదా. మర్నాటికల్లా డైరెక్టరుగారికి జ్ఞానోదయమైంది. యంత్రానికి అందనిది నా కడుపుకి అందిందట. గోడలు కూడా వినకూడని మాట బోర్డెక్కి గుమ్మం మీద కూర్చుంది: 'నెలసరి ఆధారిత భూకంప సూచన విభాగం'. రోజూ పొద్దున్నే గుమాస్తాలందరి ముందూ "ఏమ్మా, వచ్చిందా?" అని అడిగేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. నాకు నొప్పి వస్తే ఊరంతా వీధిలో నిలబడేది. భూమి కదిలేది కాదు. "మన జాగ్రత్త చూసి జంకింది" అనేవారు ఆయన.

సెలవు సంగతెత్తితే మాత్రం ఒకటే మాట. "పరికరానికి సెలవేమిటమ్మా?"

చూడలేక మా అక్క నన్ను రెక్క పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. "ఇన్నాళ్లూ ఎలా ఓర్చుకున్నావు?" అని ఆవిడ కోప్పడింది. నాకు ఏడుపొచ్చేసింది. అంతవరకూ నా నొప్పి ఎంతని కొలిచినవాళ్లే గానీ, ఆ మాట అడిగినవాళ్లు లేరు.

మందులు పనిచేశాయి. ఆ నెల హాయిగా గడిచింది.

"నాతో చెప్పకుండా రిపేరు చేయించుకున్నావా?" అని డైరెక్టరుగారు మండిపడ్డారు. కానీ ఆయన ఊరుకునే మనిషా? మళ్లీ పత్రికలవాళ్లను పిలిచి, నన్ను పక్కన నిలబెట్టారు. "ఈవిడకు నొప్పి పోయింది. అంటే ఇక భూకంపాలు లేవు. మా శాఖ వాటిని అరికట్టింది" అన్నారు.

ఆ మాట పూర్తయ్యీ కాకముందే నేల ఊగింది. పైనుంచి పెచ్చులు రాలాయి. విలేకరులు గుమ్మం వైపు పరుగెత్తారు. అందరికంటే ముందు బల్ల కిందికి దూరింది మాత్రం డైరెక్టరుగారే.

"సార్, ఇది భూకంపమేనా?" అని గుమ్మం పట్టుకుని ఒక విలేకరి అడిగాడు.

బల్ల కిందనుంచి గొంతు వచ్చింది. "ఏమ్మా, నొప్పి ఉందా?"

"లేదండీ."

"రాసుకోండి. ఇది భూకంపం కాదు."

"అయితే బయటికి రండి సార్" అన్నాను.

ఆయన బల్ల కాలు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు. తర్వాత నీరసంగా అన్నారు: "నాకు కొంచెం జ్వరంగా ఉందమ్మా. ఇవాళ సెలవు."