కాళ్లు అన్నకు, పెట్టె తమ్మునికి

అనసూయమ్మ వాకిట్లో అలుకు చల్లుతూనే భర్తకు మరోసారి గుర్తుచేసింది.

"ఎద్దు దొరికినా దొరకకున్నా మాపటివరకు వచ్చెయ్. ఇయ్యాల కామారెడ్డి నుంచి అజీమన్న వస్తుండు."

"వస్తే పెట్టె ఇయ్యి, మిషిన్ తీసుకో. అందుల నేనుండి చేసేదేముంది?" అంటూ భూమయ్య ఎద్దును కొనడానికి పిట్లం అంగడి బస్సుకు బయలుదేరాడు.

ఆ పెట్టె ఒక పాత సినిమా కెమెరా, భూమయ్య తండ్రిది. నిజాం కాలంలో ఒక జాగీర్దారు తన వేటను సినిమా తీయించుకునేవాడు. ఆ కెమెరాను అడవులెంట మోసిన మనిషి ఆయన. చివరికి అది మోసినవాడికే మిగిలింది. ఆయన పోయాక పంపకాలలో కొడుకులిద్దరూ దానికోసం పట్టుబట్టారు. ఎల్లారెడ్డి పెద్దమనుషులు బాగా ఆలోచించి, కెమెరాను నిలబెట్టే మూడు టేకు కాళ్లు పెద్దవాడు లస్మయ్యకు, పెట్టె చిన్నవాడు భూమయ్యకు ఇప్పించారు. అంత న్యాయమైన తీర్పు తర్వాత మూడేళ్లుగా అన్నదమ్ములకు మాటల్లేవు.

అజీముద్దీన్‌కు కామారెడ్డిలో కుట్టు మిషన్లు బాగుచేసే దుకాణం ఉంది. పాత సినిమా కెమెరాలు పోగుచేయడం ఆయనకు పిచ్చి. పెట్టె నిజంగా సినిమా తీసేదే అయితే, బదులుగా కాలితో తొక్కే కుట్టు మిషన్ ఇస్తానన్నాడు. అనసూయమ్మ మహిళా మండలిలో కుట్టు నేర్చుకుంది. నేర్చింది మరిచిపోతానేమోనన్న భయంతో, పొయ్యి ముందు కూర్చుని కూడా గాలిలోనే జాకెట్ మెడలు కత్తిరిస్తుంటుంది.

ఎండ ముదిరే వేళకు అజీముద్దీన్ వచ్చాడు. వాకిట్లో కూర్చుని, పెట్టెకు చుట్టి ఉన్న భూమయ్య కండువాను విప్పాడు. పిడిని మెల్లగా తిప్పి, చెవి ఆనించి విన్నాడు.

"ఊర్లందరు దీన్ని సినిమా ఆడించే మిషిన్ అంటుండ్రు కదా చెల్లె? ఆడించేదానికి వెనుక దీపం పెట్టే జాగ ఉంటది. దీనికి లేదు. ఇది తీసేదే!" ఆయన కళ్లు మెరిశాయి. "గానీ ఎవలు చేసిండ్రో, ఎప్పటిదో తెల్వాలె. గా పక్కనున్న రేకు మీద రాసి ఉంటది."

రేకు కనిపిస్తే కదా. ప్రతి దసరాకూ నాగలికీ కొడవలికీ పెట్టినట్టే, అత్త మంగవ్వ దానికీ పసుపు పూసి కుంకుమ పెట్టేది. అది పొర మీద పొరగా రొట్టెమందాన పేరుకుంది.

"తుడిచి చూడన్నా."

"నేనెట్ల తుడుస్త చెల్లె? అది మీరు మొక్కి పెట్టిన బొట్టు. మీ చేతుల మీదనే కానియ్యి." అంతలోనే పెట్టె అడుగున కాళ్లు బిగించే మరను తడిమి చూశాడు. "అవునూ, దీని కాళ్లేవి?"

"మా బావ కాడున్నయి."

"తెప్పియ్యి. కాళ్లు లేకుంటే ఇది సగం కెమెరా. సగం కెమెరాకు సగం మిషినే ఇస్త నేను."

సగం మిషన్‌తో ఏం కుట్టవచ్చో అనసూయమ్మకు తోచలేదు. బావ గడప తొక్కే దారీ తోచలేదు. తోచిన పని ఒక్కటే, తడిగుడ్డ తెచ్చి రేకు రుద్దసాగింది. చెమట పడితే అదే గుడ్డతో నుదురు తుడుచుకుంది. ఆమె బొట్టు కూడా అందులో కలిసిపోయింది.

పెరట్లోంచి వచ్చిన మంగవ్వ ఆ నుదురు చూసి కూలబడింది. "కొడుకు ఊరికి పోయిండు, దీని ముఖం చూడుండ్రి! నా కొడుకు సల్లగుండాలె దేవుడా!" అంటూ తల కొట్టుకుంది. ముసలమ్మ తిట్లు తనకేనేమోనని అజీముద్దీన్ తల వంచుకుని నిలబడ్డాడు.

ఏడుపు విని పక్కింటి కమలవ్వ గోడ మీది నుంచి తొంగిచూసింది. మంగవ్వ తల కొట్టుకుంటోంది. అనసూయమ్మ నుదుట బొట్టు లేదు. ఎవరో పరాయి మనిషి తల దించుకుని ఉన్నాడు. అతని కాళ్ల దగ్గర భూమయ్య కండువా పడి ఉంది. అలాంటి సమయంలో ఎవరైనా ఏమైందని అడుగుతారా? కమలవ్వ అడగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని నలుగురికీ చెప్పడానికి పరుగెత్తింది.

కాసేపటికి వాకిలి నిండిపోయింది. ఆడవాళ్లు అనసూయమ్మను కావలించుకుని శోకాలు పెట్టారు.

"అయ్యో, ఏం కాలేదు! మంచిగున్నడు!" అని ఆమె మొత్తుకుంది.

"పిచ్చిదైంది, పాపం," అన్నారు వాళ్లు, ఇంకా గట్టిగా ఏడుస్తూ.

"ఎవలు చెప్పిండ్రే మీకు?"

"కమలవ్వ చెప్పింది."

"నాకెవలు చెప్తరే? నీ ముఖమే చెప్పింది," అని కమలవ్వ ముక్కు చీదింది.

మంగవ్వ తన భయమే నిజమైందనుకుని నేల మీద దొర్లింది. ఊరంతా ఒక్కమాట మీదుంటే అనసూయమ్మ ఒక్కతే కాదనడం ఎట్లా? పిట్లంలో ఏమైనా అయిందేమో, తనకే చివర తెలుస్తోందేమో! అనసూయమ్మ కూడా ఏడుపందుకుంది. అజీముద్దీన్ కళ్లు తుడుచుకుని, తెలియని భూమయ్య కోసం చేతులెత్తి దువా చేశాడు.

అప్పుడే లస్మయ్య వచ్చాడు. మూడేళ్ల తర్వాత ఆ గడప తొక్కాడు. భుజాన మూడు టేకు కర్రలున్నాయి.

"బాపు కర్రలివి. నా తమ్మునికి పాడె కట్టనీకె ఇంతకంటే మంచియి యాడ దొరుకుతయి?" అంటూ భోరుమన్నాడు. ఇత్తడి బిగింపులు వదులు చేసి గుంజితే అవి రెట్టింపు పొడవయ్యాయి. పిట్లం నుంచి శవం వచ్చేలోగా పాడె సిద్ధం చేయాలని రెండింటిని నేల మీద పరిచాడు. మూడోది అడ్డకర్రలకని గొడ్డలి ఎత్తాడు.

దువాలో ఉన్న అజీముద్దీన్ ఇత్తడి మెరుపు చూసి కళ్లు పెద్దవి చేశాడు. "అన్నా, నరకకు! నీ కాల్మొక్త, దాన్ని నరకకు!" అని గొడ్డలికి అడ్డం పడ్డాడు. చనిపోయినవాడికి ఎంత దగ్గరి స్నేహితుడో అనుకుని జనం మరోసారి ఏడ్చారు. లస్మయ్య గొడ్డలి దించి, అడ్డానికి కట్టెల మోపులోంచి ఏరుకున్నాడు.

సగం పాడె తయారైన వేళకు ఎద్దును తోలుకుంటూ భూమయ్య వచ్చాడు. గుమ్మం ముందు పాడె కనిపించగానే పలుపు వదిలేశాడు. "అవ్వా!" అంటూ వచ్చి, పోయింది తల్లే అనుకుని దాని మీద పడ్డాడు. ఏడుపుల్లో మునిగిన జనంలో అతన్ని ఎవరూ గుర్తుపట్టలేదు.

లస్మయ్య తాడు బిగిస్తూ తల ఎత్తలేదు. "ఊకోరా తమ్మీ. గా కొస పట్టు, ముడెయ్యాలె."

భూమయ్య ఏడుస్తూనే కొస పట్టాడు. అన్నదమ్ములిద్దరూ రెండు ముడులు వేశాక, "అన్నా, అవ్వకు ఏమైందే?" అని అడిగాడు.

"అవ్వకేమైంది? పాడె నీది."

తాడు ఇద్దరి చేతుల్లోంచీ జారింది.

లస్మయ్య తమ్ముడి ముఖం తడిమాడు. తర్వాత చెంప మీద ఒకటి కొట్టాడు. "మూడేండ్ల ఏడుపంతా ఏడ్పిస్తివి గదరా!" అని మళ్లీ కావలించుకున్నాడు. మంగవ్వ ఉప్పు తెచ్చి కొడుకులిద్దరికీ కలిపి దిష్టి తీసింది. ఎద్దును ఎవరూ పట్టించుకోకపోవడంతో అది కమలవ్వ చిక్కుడు పాదును సగం మేసింది. ఆమె ఆ రోజు చేసిన పనికి అది చాలా తక్కువ అని ఊరు తర్వాత తేల్చింది.

అందరూ స్నానాలు చేసి వచ్చాక వాకిట్లోనే విస్తళ్లు పడ్డాయి. ఆలోగా అజీముద్దీన్ పాడె ముడులు ఒక్కొక్కటిగా విప్పి, కాళ్లను నిలబెట్టి, పైన పెట్టెను బిగించాడు. తుడిచిన రేకు మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

"మూగ సినిమాలప్పటిది! చెల్లె, కాళ్లుంటే రేపే మిషిన్ తెచ్చి దింపుత." అంటూ ఆశగా లస్మయ్య వైపు చూశాడు.

అనసూయమ్మ వడ్డించే గరిటె గాలిలోనే ఆగిపోయింది. ఆ కాళ్లు బావవి. పెద్దమనుషులు ఇప్పించినవి.

లస్మయ్య తమ్ముడి పక్కన కూర్చుని, మారు వడ్డించుకుని తిన్నాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. కండువా భుజాన వేసుకున్నాడు. వాకిట్లో మూడు కాళ్ల మీద నిలబడిన కెమెరాను కాసేపు చూశాడు. ఒక కాలు కొంచెం వంకరగా ఉంటే సరిచేశాడు. తర్వాత దానికి తగలకుండా చుట్టు తిరిగి, కాళ్లను అక్కడే వదిలి, ఎవరితోనూ ఏమీ అనకుండా వాకిలి దాటి వెళ్లిపోయాడు.

మూడేళ్లు మాట్లాడని మనిషి, ఒక్క పూటలో ఎంతని మాట్లాడతాడు?