అంగిట్లో లేని గాయం

నందికొట్కూరులో బట్టల కొట్టు నడిపే రామకోటయ్య పళ్ళు తోముకుంటే, ఇత్తడి బిందె తోముతున్నట్టు వీధి చివరిదాకా వినిపిస్తుంది. నలభై ఏళ్ళు అట్లా తోమగా తోమగా పళ్ళు తెల్లగానే ఉన్నాయి గానీ చిగుళ్ళు వెనక్కి జరిగిపోయాయి. ఆయన నవ్వితే గిరాకీ జడుసుకుంటోంది.

కర్నూల్లో పళ్ళ డాక్టరు శివప్రసాద్ చూసి, ఆపరేషన్ తప్పదన్నాడు.

"అంగిట్లోంచి కొంచెం చర్మం తీసి చిగురుకు కుట్టొచ్చు. అట్లయితే నోట్లో రెండు గాయాలు. దానికి బదులు ప్యాకెట్లో వచ్చే పొర ఉంది. దాంతో ఒక్క గాయమే."

"తానులో ముక్క ఒకటి, రెడీమేడ్ ఒకటి! రెడీమేడే వెయ్యప్పా," అన్నాడు రామకోటయ్య.

కుట్లు పడ్డాయి. తిరుగు బస్సులో ఆయనకు బ్రహ్మాండమైన ఆలోచన తట్టింది. ఇంట్లో ఏడాదికి సరిపడా ఎండుమిరపకాయలు రెండు బస్తాలు దిగి ఉన్నాయి. ఏటా ఒక బస్తా భార్యది, ఒకటి తనది. తొడిమలు తుంచితే మూడు రోజులు చేతులు మండుతాయి. ఈసారి ఎట్లాగైనా తప్పించుకోవాలి.

"రెండు గాయాలే లక్ష్మీ!" అంటూ దవడ పట్టుకుని ఇంట్లోకి వచ్చాడు. "అంగిట్లో గూడా కోసినారు. మిరపకాయ ఘాటు సోకితే సెప్టిక్ అయితాదంట."

"అయ్యో, పండుకోండి," అంది సుందరలక్ష్మి.

ఆ మధ్యాహ్నం రామకోటయ్య హాయిగా గురక పెట్టాడు.

మూడు పూటలా చప్పటి రాగిజావ వచ్చింది. పక్కింటి ఈరక్క వచ్చి తొడిమలు తుంచుతుంటే, ఆమెకు మాత్రం ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అందాయి. పదో రోజు డాక్టరు కుట్లు తీసి, ఇంక అన్నీ తినొచ్చన్నాడు. ఇంటికొచ్చి చూస్తే ఒక బస్తా ఇంకా నిండుగానే ఉంది.

"ఏమన్నాడు డాక్టరు?"

"అంగిట్లో ఇంకా మానలేదంట."

"అట్లయితే ఇంకో పదినాళ్ళు జావే."

మర్నాడు పొద్దున కొత్త కారంతో సుందరలక్ష్మి ఎర్రకారం దోసెలు పోసింది. వాసనకు రామకోటయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గ్లాసులో జావ చూశాక పౌరుషం మిగల్లేదు.

"లక్ష్మీ, అబద్ధం చెప్పినా. ఒకటే గాయం. అంగిట్లో ఏమీ లే."

"తెల్సు లెండి. మొదటి రోజే మీరు నోరు తెరిచి గురక పెడ్తాంటే బ్యాటరీ లైటేసి సూసినా. గీత గూడా లే. ఈరక్కకూ సూపిచ్చినా."

"మరి ఇన్నాళ్ళూ జావ ఎందుకు పోసినావే!"

"గాయముండాదని మీరే అంటిరి. మొగుని మాట కాదంటానా?"

రామకోటయ్యకు సిగ్గేసింది, కానీ దోసె ముందర సిగ్గెంతసేపు! కొత్త చిగుళ్ళతో నవ్వుతూ పళ్ళెం అందుకున్నాడు. సుందరలక్ష్మి నిండు బస్తాను ఈడ్చుకొచ్చి పక్కన పెట్టింది.

"ఈరక్క తుంచింది నా వంతు. ఇది మీది. మీరు కోలుకునే దాకా ఎవ్వరినీ ముట్టనీలే."

"దోసె మాత్రం శానా బాగుండాది," అన్నాడు రామకోటయ్య, మొదటి తొడిమ తుంచుతూ.