సంజన ఇచ్చిన మాట, యూనివర్సిటీ ఇచ్చిన రాయితీ

గల్ఫ్‌లోని మన కరామా పేట తెలుగువారందరికీ తెలియజేయడమేమనగా, దక్షిణామూర్తిగారి అమ్మాయి సంజన ఒక పేరున్న ప్రైవేటు యూనివర్సిటీ తరఫున షటిల్ ఆడటానికి ఒప్పుకుంది. ఇది నిరుటి శుభవార్త. కోచ్ స్వయంగా ఫోన్ చేసి, "ఫీజు గురించి బెంగ వద్దు" అన్నాడు. ఎవరికి వద్దో చెప్పలేదు. ఆయన మాత్రం చివరిదాకా ఏ బెంగా పెట్టుకోలేదు. ఆ మాట నమ్మి సంజన సంతకం చేసింది. రమ్మన్న మరో కాలేజీకి రానని చెప్పేసింది.

మన సంఘం తక్షణమే స్పందించి, హోటల్ మేడ మీద హాల్లో సన్మానం ఏర్పాటు చేసింది. అధ్యక్షులు పెద్దిరాజుగారు ప్రసంగిస్తూ, "ఈ విజయం సంజన ఒక్కదానిదే కాదు, మనందరిదీ" అని సెలవిచ్చారు. అందరం ఏకగ్రీవంగా ఒప్పుకున్నాం. ఏళ్ల తరబడి కూతుర్ని మొదటి మెట్రోలో ప్రాక్టీసుకు తీసుకెళ్లిన సీతాదేవిగారు వెనక వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టారు.

తర్వాత ఆర్థిక సహాయ విభాగం నుంచి మెయిల్ వచ్చింది. సహాయం ఫీజులో పావు వంతు. మిగతాది తల్లిదండ్రుల ప్రోత్సాహం. హాస్టల్ వేరు, బస్సు వేరు. క్రీడా సదుపాయాల వినియోగ రుసుము కూడా వేరే. అంటే, యూనివర్సిటీ కోసం యూనివర్సిటీ కోర్టులో ఆడినందుకు సంజన యూనివర్సిటీకి కట్టవలసినది.

దక్షిణామూర్తిగారు ముదీర్‌ని, అంటే ఆఫీసు మేనేజర్‌ని, బతిమాలి సగం రోజు సెలవు పెట్టి, కూతురితో కోచ్ దగ్గరికి వెళ్లారు. కోచ్ ఎంతో ఆదరంగా కోర్టులన్నీ చూపించాడు. "డబ్బు నా చేతిలో లేదు సార్. కానీ మీ అమ్మాయి ఫొటో మా బస్సుల మీద వేయిస్తాను."

"బస్సు ఫీజు తగ్గుతుందాండీ?"

తగ్గదన్నాడు.

సంగతి తెలిసి పెద్దిరాజుగారు స్వయంగా ఇంటికొచ్చారు. "మూర్తిగారూ, మాటిచ్చి వెనక్కి తగ్గితే మనవాళ్ల పరువు ఖలాస్. లోన్ తీసుకోండి."

"పరువు అందరిదీ కదండీ. సంఘం ఎంత సర్దుతుంది?"

సంఘం నిబంధనల్లో సన్మానానికే పద్దు ఉందనీ, సహాయానికి లేదనీ వివరించి, పెద్దిరాజుగారు మరో సన్మానానికి బయలుదేరారు.

దక్షిణామూర్తిగారు లోన్‌కే సిద్ధపడ్డారు. బ్యాంకుకు ఫోన్ చేశారు. ఉన్న ఇల్లు ఖాళీ చేసి మారదామని ఊరి చివర ఇంటర్నేషనల్ సిటీలో చవక ఫ్లాటు చూసొచ్చారు. ఆ మాట భార్యతో చెబుతుంటే సంజన వింది.

"నాన్నా, నేను ఆడతానని మాటిచ్చాను. మిమ్మల్ని అప్పులోకి దింపుతానని కాదు. వద్దని నేనే చెప్పేస్తాను."

"రేపు బాధపడవూ?"

"పడతాను. ఇప్పుడూ పడుతున్నాను. అయినా చెప్తాను."

చెప్పింది. ఆమెలో నిబద్ధత లోపించిందని కోచ్ విచారం వ్యక్తం చేశాడు. ఫోన్ పెట్టేసి సంజన స్నానాలగదిలోకి వెళ్లి కుళాయి తిప్పింది. సీతాదేవిగారు తలుపు తట్టలేదు. కుళాయి కట్టేసేదాకా బయటే నిలబడ్డారు.

రానని చెప్పిన కాలేజీలో సీటు అప్పటికే నిండిపోయింది. చివరికి షార్జాలో ఒక చిన్న కాలేజీ మార్కులు చూసి ఫీజు మాఫీ చేసింది. అక్కడ కోచ్ లేడు, జట్టు లేదు, కోర్టూ లేదు. సంజన పరీక్షల హాల్లో బెంచీలు పక్కకు లాగి, నెట్ కట్టి, మరో ముగ్గురు అమ్మాయిల్ని పోగుచేసింది. చలికాలం పోటీల్లో ఆ నలుగురూ రెండో రౌండులోనే ఓడిపోయారు. ఓడి, దారి పొడవునా నవ్వుకుంటూ వచ్చారు. ఇందులో వార్త ఏముందో తెలియక మేమెవరమూ పట్టించుకోలేదు.

మేము వేరే పనిలో ఉన్నాం. "మన పిల్లలు ఆటల్లో ఎందుకు వెనకబడుతున్నారు?" అనే అంశంపై మొన్న శుక్రవారం సంఘం సదస్సు పెట్టింది. తప్పంతా ఈ కాలం పిల్లలదేనని తీర్మానించాం. వాళ్ల వాదన వినడానికి సభలో పిల్లలెవరూ లేరు. ఆ వేళకు అందరికీ లెక్కల ట్యూషన్ ఉంది. దానికి మాత్రం ఫీజు ఏడాదికి సరిపడా, పూర్తిగా, ముందే కట్టేశాం.