ఎవరూ పడని వీధి

పురపాలక సంఘంవారు ప్రజల భద్రతను ఇకమీదట గట్టిగా పట్టించుకోవాలని నిర్ణయించారు. ఇంతకాలం పట్టించుకోలేదా అని అడిగే కుసంస్కారులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, వాళ్ళ సంగతి వదిలేయండి. గుంతలు పూడ్చడం, మురుగుకాలవల మీద బండలు వేయడం వంటి మోటు పద్ధతులకు స్వస్తి చెప్పి, ఏడాది పొడుగునా ఒక్క ప్రమాదమూ నమోదు కాని వార్డుకు షీల్డు ఇస్తామని ప్రకటించారు.

"సోదర సోదరీమణులారా! ప్రమాదం రోడ్డులో లేదు, మనసులో ఉంది. మనసు బాగుచేసుకున్నవాడికి రోడ్డుతో పనేముంది?" అని ఛైర్మన్‌గారు ఉపన్యసించారు. సభ అయ్యాక ఇద్దరు మనుషులు ఆయన్ను చెరో రెక్కా పట్టుకుని, చూసి చూసి అడుగులు వేయిస్తూ కారు దాకా చేర్చారు.

మన వీధికి ఒక సౌకర్యం ఉంది. వార్డు సరిహద్దు సరిగ్గా నడివీధిలోంచి పోతుంది. ఇటు వరస ఇళ్ళు మనవి, అటు వరసవి పక్క వార్డువి. ఇటు వరసలో బట్టలు కుట్టుకునే ఆవిడ ఒకరున్నారు. వీధంతా ఆమెను మిషనొదిన అంటుంది. ఆమె గుమ్మం ముందు కాలవ మీది బండ విరిగి సగం లోపల పడింది. ఆమె బెంగంతా అత్తగారి గురించే. ఆవిడకు చూపు ఆనదు, పైగా ఒకచోట కూర్చోదు.

అయితే ముందు పడింది అత్తగారు కాదు, మొగుడు. కండక్టరు ఉద్యోగం కదా, పొద్దున్నే డ్యూటీకని హడావుడిగా గుమ్మం దిగి కాలవలో కాలు పెట్టాడు. కాలు విరిగింది. మిషనొదిన గొల్లుమనగానే వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది. ఎంత మంచివాళ్ళో అని ఆమె కళ్ళు తుడుచుకునేలోపే, భద్రతా సంఘం పెద్దగా తనను తానే నియమించుకున్న రిటైర్డు మాస్టారు ఆజ్ఞ ఇచ్చారు.

"ముందు అటు పక్కకి మార్చండి. ఆస్పత్రి ఎక్కడికీ పోదు!"

నలుగురూ కలిసి కండక్టరును ఎత్తి, సరిహద్దు దాటించి, ఎదురింటి ముందు మర్యాదగా పడుకోబెట్టారు. అక్కడినుంచి ఆస్పత్రికి కబురు వెళ్ళింది. అటు వార్డువాళ్ళు కిమ్మనలేదు. ఒక స్కూటరు గోడను గుద్దినరోజే వాళ్ళు షీల్డు మీద ఆశ వదులుకున్నారు.

"మరి మా గుమ్మం ముందు బండ సంగతేంటి మాస్టారూ? రేపు మా అత్తయ్య పడితే?" అంది మిషనొదిన.

"పిచ్చితల్లీ, షీల్డొచ్చిన వార్డుకి బండలు రావూ? నాలుగు నెలలు నోరు కుట్టేసుకో. కుట్టడం నీకు కొత్తా?"

ఆ మాట ఆమెకు చురుక్కుమంది. అయినా బండ కోసం నోరు మూసుకుంది. ఈలోపు అడ్డంగా ఒక పాత చెక్క వేసుకుంటే మాస్టారు తీయించేశారు. చెక్క వేయడమంటే ఇక్కడ ప్రమాదం ఉందని ఒప్పుకోవడమేనట!

వార్డులో పౌరస్పృహ వెల్లివిరిసింది. తల పగిలినవాళ్ళు తమ ఇంటి ద్వారబంధాన్నే నిందించారు. బైకు గుద్దిన ఒక ఇల్లాలు ఎవరి సాయమూ అడగకుండా కుంటుకుంటూ అటు పక్కకు వెళ్ళి, అక్కడ కూర్చుని అప్పుడు ఏడ్చింది. అలాంటివాళ్ళున్న వార్డుకు కాక షీల్డు ఇంకెవరికొస్తుంది? వచ్చింది. దాన్ని మాస్టారు తమ ఇంటి హాల్లో, వార్డు ప్రజలందరి తరఫునా, పెట్టుకున్నారు.

మర్నాడే మిషనొదిన పురపాలక సంఘం ఇంజనీరుగారి దగ్గరికి వెళ్ళి బండ అడిగింది. ఆయన నిర్ఘాంతపోయారు.

"ఏడాదంతా ఒక్కరూ పడలేదని షీల్డు పట్టుకెళ్ళారు కదమ్మా! పడని చోట బండేస్తే ఆడిటువాళ్ళు నన్ను ఉతికి ఆరేస్తారు. ఎక్కడ పడ్డారో అక్కడే వేస్తాం."

అన్న మాట ప్రకారం అటు వరసంతా కొత్త బండలు వేశారు. బండలు వచ్చాక అటువాళ్ళకు షీల్డు మీద మళ్ళీ ఆశ పుట్టింది. ఎవరి క్షతగాత్రులను వాళ్ళే ఉంచుకోవాలని, అరువు దెబ్బలు ఇకపై చెల్లవని తీర్మానించి, సరిహద్దులో కాపలా పెట్టారు. చేసిన మేలు మరిచిపోయే లోకం!

మిషనొదిన అత్తగారిని ఇంట్లో కట్టేసినంత పని చేసింది. కానీ ఎంతసేపని చూస్తుంది? ఒకరోజు మిషను మీద తల వంచుకుని ఉండగా గుమ్మం ముందు చప్పుడైంది. బయటికి ఉరికి చూస్తే అత్తగారు నడుము దాకా కాలవలో ఉంది. నుదుటి మీంచి నెత్తురు కారుతోంది. ఇటు వరసవాళ్ళు, అటు వరసవాళ్ళు, అందరూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. అటువాళ్ళు చేతులు అడ్డం పెట్టారు. మాస్టారు గొంతు సవరించుకున్నారు.

ముసలావిడ అబ్బా అని అనలేదు. కోడలి చెయ్యి వెతుక్కుని పట్టుకుని, రహస్యం అడిగినట్టు అడిగింది.

"అమ్మాయ్, నేనెక్కడ పడ్డానని చెప్పాలే?"

మిషనొదిన ఏడాదిగా కుట్టేసుకున్న నోరు ఒక్కసారిగా తెరుచుకుంది.

"ఇక్కడే పడ్డావత్తయ్యా! మన గుమ్మం ముందే, మన కాలవలోనే, వీళ్ళందరి కళ్ళ ముందే పడ్డావు! ఎవరన్నా ఒక్కరు రండి, చెయ్యి వేయండి!"

ఒక తలుపు మెల్లగా మూసుకుంది. తర్వాత ఇంకోటి. చూస్తుండగానే ఇటు వరసా అటు వరసా గడియలు పడ్డాయి. చూసినవాళ్ళు లేని చోట ప్రమాదం నమోదు కాదని నిబంధనల్లోనే ఉంది మరి.

ఈ ఏడాది కూడా షీల్డు మన వార్డుకే వచ్చింది. మీరు సభలో ముందు వరసలోనే కూర్చున్నారు. చప్పట్లు బాగా కొట్టారు.